పట్టా కాగితం మీద ఎవరి పేరు?

సొంత ఆస్తి రద్దు కావాలంటారు కామ్రేడ్లు. మంచిదే. రద్దు చేయడానికి మా దగ్గర ఏముందో ముందు వచ్చి చూడండి. ఒక పాత కుట్టుమిషను, రెండు మేకలు, అమ్మీ నిఖానాటి ట్రంకుపెట్టె. ఇల్లు కిరాయిది. రిక్షా కిరాయిది. కూతురికి కూడా వాటా ఉందని మౌల్వీసాబ్ చెప్తూనే ఉంటాడు, వాటా వేయడానికి ఏదైనా ఉంటే కదా! చచ్చాక పడుకునే ఆరడుగులూ మావి కావు, వక్ఫ్‌వి. అయినా మేం ఉన్నవాళ్ల కిందే లెక్క. నిజాం మా మతం వాడు కాబట్టి దూదేకేవాళ్లం, బీడీలు చుట్టేవాళ్లం, పంక్చర్లు వేసేవాళ్లం అందరం నవాబులమైపోయాం.

మా బస్తీలో పార్టీ క్లాసులు నడిచేవి. చెప్పే సారు మనసున్న మనిషి, మా ఇంట్లో సేమియా తిన్న మనిషి. ఊళ్లో ఆయనకు తరి పొలం ఉంది, జీతగాళ్లున్నారు. అది వేరే సంగతి. ఒకరోజు మా మామూ లేచి అడిగాడు. దర్జీపని ఆయనది.

"సార్, ఇంకిలాబ్ వస్తే నా మిషను పోతదా?"

"పోదు మామూ. నీ చేతులతో నువ్వు కుట్టుకునే మిషను నీదే. ఇంకొకరి చెమట మీద బతికే ఆస్తే పోతది."

ఆ మాట సారు సొంతంగా కల్పించింది కాదు. 1848 నాటి కమ్యూనిస్టు ప్రణాళికలోనూ ఉన్న తేడానే అది. కష్టపడి కూడబెట్టుకున్నది వేరు, పరాయి శ్రమను మింగే పెట్టుబడి వేరు. మామూకి ఇది బాగానే అర్థమైంది. అందుకే ఇంకో ప్రశ్న వేశాడు.

"మరి రంజాన్ నెల గిరాకీకి ఇద్దరు పోరగాళ్లను పెట్టుకుంటా కదా సార్. ఆ నెల నేను దొరనా?"

అందరం నవ్వాం. సారూ నవ్వాడు. జవాబు మాత్రం రాలేదు, ఇప్పటిదాకా.

నవ్వులాట ప్రశ్నలాగే ఉంది గానీ లక్షలమంది చావుబతుకులు దాని మీదే తేలాయి. 1917లో రష్యాలో విప్లవం గెలవగానే భూమి మీద సొంత హక్కు రద్దయింది, సాగు చేసుకునే వాడికి భూమి దక్కింది. 1929 చివరికొచ్చేసరికి ఆ భూముల్నీ పశువుల్నీ ఉమ్మడి క్షేత్రాల్లో కలపమన్నారు. ఒక కూలీని పెట్టుకున్నవాడు కులక్కా కాడా అన్నది పైనుంచి వచ్చిన అధికారి ఇష్టమైపోయింది. కజకిస్తాన్‌లో గొర్రెల వెంట, గుర్రాల వెంట తిరిగే మన కలిమా చదివే జనం ఉండేవారు. వాళ్లకు భూమి పట్టాల్లేవు, మందే ఆస్తి. ఆ మందలు పోయాయి. 1930 నుంచి 1933 దాకా సాగిన కరువులో అక్కడ సుమారు 15 లక్షలమంది చచ్చిపోయారు. 1936 రాజ్యాంగంలో మాత్రం ఇల్లూ, పొదుపు సొమ్మూ, ఇంటి సామానూ పౌరుడి సొంతమేనని రాసుకున్నారు. ఈ కరువు మాట మా క్లాసుల్లో ఒక్కనాడూ రాలేదు.

అంత దూరం ఎందుకు, మన జనగామ పక్కకే రండి. కామారెడ్డిగూడెం షేక్ బందగీ ఎందుకు చచ్చిపోయాడు? తన భూమి తనకు కావాలని. విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి కోర్టుకెక్కి, కేసు గెలిచి, 1940 ప్రాంతంలో ఆ దొర మనుషుల చేతుల్లో నరికివేతకు గురయ్యాడు. తెలంగాణ పోరాటానికి తొలి అమరుల్లో ఒకడని పార్టీ ఆయన పేరు తలుస్తుంది. తలవాల్సిందే. కానీ ఆయన పోరాడింది ఏ హక్కు కోసం? సొంత ఆస్తి హక్కు కోసమే కదా! పాలకుర్తి చాకలి ఐలమ్మ తాను కౌలుకు చేసిన పొలంలో పంట దొర గడీకి పోకుండా నిలబెట్టుకుంది. అదీ ఆ హక్కు కోసమే.

సంఘం కూడా ఆ సంగతి ఎరుగును. 1946 తర్వాత ఊళ్లలో భూములు పంచినప్పుడు భూస్వామికి వదిలే పరిమితి మొదట 500 ఎకరాలు, తర్వాత 200, చివరికి 100 ఎకరాల మెట్ట, 10 ఎకరాల మాగాణి. సుమారు 3,000 గ్రామాల్లో 10 లక్షల ఎకరాలు పంచామని పార్టీ లెక్క. సిద్ధాంతం ఆస్తి రద్దు అంది, ఆచరణ ఆస్తి పంచింది. ప్రాణాలకు తెగించి జనం కదిలింది ఈ రెండోదాని కోసమే.

మరి మా వాటా? దేశ్‌ముఖుల్లో ఎక్కువమంది రెడ్లు, వెలమలు, బ్రాహ్మలు. చెడ్డపేరు మాత్రం ఊరి చివర సాయిబుకి వచ్చింది. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత జరిగిన ఘోరాలను విచారించిన సుందర్‌లాల్ కమిటీ, తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేలమంది చనిపోయి ఉంటారని రాసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు ఎక్కువ దెబ్బతిన్నాయి. ఇళ్లూ భూములూ ఆక్రమించుకున్నారని కూడా రాసింది. ఆ నివేదిక దశాబ్దాలపాటు చీకట్లోనే ఉంది. పది లక్షల ఎకరాల ముచ్చట మాకు క్లాసుల్లో కంఠతా పట్టించారు. ఈ భూముల ముచ్చట ఎత్తితే, మఖ్దూమ్ మీవాడే కదా అని భుజం తట్టారు. మఖ్దూమ్ మావాడే. ఆయన పేరు మా నోళ్లు మూయడానికి పనికిరాదు.

బెంగాల్ చూడండి. 1978లో మొదలైన ఆపరేషన్ బర్గాలో కౌలుదారుల పేర్లు రికార్డులకెక్కించారు. దొర వెళ్లగొట్టలేని బలం వాళ్లకొచ్చింది. ముస్లింలకూ వచ్చింది, కాదనం. అదే ప్రభుత్వం నందిగ్రామ్‌లో రసాయన పరిశ్రమల కోసం భూములడిగింది. 2007 మార్చి 14న పోలీసులు కాల్చారు, 14 మంది చచ్చిపోయారు. ఎర్రజెండా పట్టుకున్న ప్రభుత్వానికి అడ్డం నిలబడింది టాటాలూ బిర్లాలూ కాదు, ముస్లిం దళిత చిన్నరైతులు. జమీందార్ల మీద ఎక్కుపెట్టిన మాటల తూటా ఎవరికి తగిలిందో చూశారా! మన రాజ్యాంగంలోనూ ఆస్తి ప్రాథమిక హక్కుగా లేదు, 1978 నాటి 44వ సవరణ తీసేసింది. పెద్దవాడికి వకీళ్లున్నారు.

ఇట్లా అంటే మమ్మల్ని ఆస్తిపరుల పక్షం అనకండి. సొంత ఆస్తి చేసే అన్యాయం మాకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? చేతిలో అడ్వాన్సు పట్టుకుని వెళ్తాం. టులెట్ బోర్డు వేలాడుతూ ఉంటుంది. ఓనరమ్మ పేరడుగుతుంది. పేరు చెప్పగానే, ఇప్పుడే ఎవరికో మాటిచ్చామమ్మా అంటుంది. ఇల్లు ఆమెది, హక్కు ఆమెది. బోర్డు మర్నాడూ అక్కడే ఉంటుంది. ఆ గడప ముందు నిలబడ్డప్పుడు మార్క్స్ మాకు చుట్టంలా కనబడతాడు.

కాబట్టి కామ్రేడ్స్, వాదన మానేద్దామని కాదు. ముందు మా బస్తీకి ఇంటిజాగా పట్టాలు ఇప్పించే పోరాటం పెట్టండి, అమ్మీల పేర్ల మీద. ధర్నాకు మేమే ముందు కూర్చుంటాం. రద్దు సంగతి ఆ ఇళ్లలోనే కూర్చుని, చాయ్ తాగుతూ ఎన్ని రాత్రులైనా మాట్లాడుకుందాం.