దండెం తాడు

మొదటి రోజంతా మమ్మల్ని నడిపించారు. అంతే. జగిత్యాలలో ఒక ఖాళీ ఫంక్షన్ హాలు. కుర్చీలన్నీ గోడకి పేర్చి ఉన్నాయి. పద్నాలుగు మందిమి. ఆడపిల్లలం ఐదుగురం, అందులో ముసల్మాన్ పిల్లని నేనొక్కదాన్నే. హైదరాబాద్ నుంచి వచ్చిన సార్ "నడవండి, ఎవరికీ తగలొద్దు, హాల్లో ఎక్కడా జాగా ఖాళీ ఉండొద్దు" అన్నారు. కాసేపయ్యాక "ఇప్పుడు నేను చెప్పను, అందరూ ఒక్కసారే ఆగాలి, ఎవరు ముందు ఆగిన్రో తెల్వొద్దు" అన్నారు. పదిసార్లు చేస్తే పదిసార్లూ ఎవరో ఒకరు ముందే ఆగిపోయారు. పదకొండోసారి అందరం ఒక్కసారే ఆగాం. ఆ ఖామోషీలో ఫ్యాన్ తిరిగే చప్పుడు వినిపించింది. నా ఒంటిమీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి.

దీన్ని డివైజ్డ్ థియేటర్ అంటారట. ముందే రాసిపెట్టిన నాటకం ఉండదు, బట్టీ పట్టాల్సిన డైలాగులు ఉండవు. పదిమంది కలిసి, జిస్మ్‌తో వెతుక్కుంటూ వెతుక్కుంటూ నాటకం తయారు చేసుకోవాలి. ఇదంతా అక్కడికి పోయాక తెలిసింది. పోకముందు నాకు తెలిసింది ఒక్కటే, పది రోజులు పెగడపల్లి నుంచి బయటపడొచ్చు. డిగ్రీ అయిపోయి, సాప మీద కూర్చుని అమ్మీతో కలిసి బీడీలు చేస్తున్న రోజులవి.

ఇజాజత్ దొరకడం అంత ఆసాన్ కాలేదు. "నాచ్‌నే జాతూఁ బోల్కే పూఛ్‌రీ క్యా గే?" అంది అమ్మీ, చేతిలో బీడీ ఆపకుండానే. ఆ రాత్రి షార్జా నుంచి అబ్బా ఇమోలో మాట్లాడాడు. ఆయన ఎప్పటిలాగే "నీ అమ్మీ ఎట్లంటే అట్ల" అన్నాడు. దూరాన ఉన్న మొగవాళ్ళకి అదొక సహూలియత్. చివరికి అమ్మీ మూడు షర్తులు పెట్టింది. మగ్రిబ్ లోపు ఇంటికి రావాలి. బస్సులో పోయేటప్పుడు, వచ్చేటప్పుడు బుర్ఖా ఉండాలి. మూడోది, "కోయీ హాథ్ నై లగానా." ఎవరూ నిన్ను ముట్టుకోవద్దు.

మూడో షర్త్ మూడో రోజే అడ్డం వచ్చింది. ఆ రోజు బరువు పాఠం. ఇద్దరిద్దరు వీపు వీపు ఆనించి నిలబడి, ఒకరి బరువు ఇంకొకరి మీద వదిలెయ్యాలి. నమ్మకం వచ్చాక మెల్లగా కూర్చోవాలి, లేవాలి. నా జోడీగా వచ్చింది ఒక అబ్బాయి. నేను పక్కకి జరిగి గోడ దగ్గర కూర్చున్నాను. ఇది అమ్మీ షర్త్ మాత్రమే అని చెబితే ఝూట్ అవుతుంది. నాకూ ఇష్టం లేదు. నామహ్రమ్ అన్న మాట చిన్నప్పటి నుంచి నా భుజాల్లోనే ఉంది, దాన్ని ఒక్క పూటలో విప్పి పక్కన పెట్టలేను. పెట్టాలని కూడా అనిపించలేదు. కానీ అందరూ ఒకరి మీద ఒకరు వాలి నవ్వుతుంటే, గోడ దగ్గర కూర్చున్న నాకు షరమ్ అయింది. "ముట్టుకోకుంట ఇదెట్ల అయితది" అని ఎవరో మెల్లగా అనడం వినిపించింది. రేపటి నుంచి రావొద్దు అనుకుంటూ బస్సెక్కాను.

మర్నాడు పోయాను. ఎందుకంటే, "ఇంట్లో మీ చేతులు రోజూ చేసే పని తీసుకురండి, సామాను తేవొద్దు" అని సార్ చెప్పి ఉన్నారు. సామాను లేకుండా పని ఎట్లా అన్న కుతూహలం.

నేను సాప లేకుండా, చాట లేకుండా నేల మీద కూర్చున్నాను. రాత్రి నానబెట్టి తడిబట్టలో చుట్టిన తునికాకు తీసినట్టు, రేకు పెట్టి కత్తెరతో కోసినట్టు, తంబాకు పోసి వేళ్ళ మధ్య చుట్టినట్టు, గోటితో మూతి మడిచినట్టు, దారం రెండు చుట్లు వేసి తెంపినట్టు. నేను చేతులకేసి చూడనే లేదు, ఎదురుగా గోడకేసి చూస్తున్నాను. బీడీ చేసే ఏ ఆడదైనా అంతే. కళ్ళు పిల్లల మీదో, టీవీ మీదో ఉంటాయి. పది బీడీలయ్యేసరికి కోరుట్ల నుంచి వచ్చిన అమ్మాయి లేచొచ్చి నా పక్కన కూర్చుంది, చేతులు కదిలించింది. తర్వాత మెట్‌పల్లి అమ్మాయి. ఇద్దరికీ ఇదే పని. మేం ముగ్గురం ఒకరినొకరు చూడకుండానే దారం ఒకేసారి తెంపుతున్నాం. ఇరవై ఐదు కాగానే కట్ట కట్టాం, లెక్క ఎవరూ పెట్టలేదు. సిరిసిల్ల అబ్బాయి రెండు సాంచాల మధ్య అటూ ఇటూ తిరుగుతూ తెగిన పోగు ముడేసే పని చేశాడు. సార్ అతన్ని మా వెనక నిలబెట్టారు. మా దారం తెగడం, అతని పోగు తెగడం ఒక్క తాళంలో పడ్డాయి. హాలు మొత్తం ఒక కార్ఖానా అయిపోయింది.

అప్పుడు సార్ సఫ్దర్ హష్మీ గురించి చెప్పారు. మా జగిత్యాల జైత్రయాత్ర జరిగిన 1978లోనే ఢిల్లీలో జన నాట్య మంచ్ 'మషీన్' అనే నాటకం వేసిందట. నటులే ఒకరి పక్కన ఒకరు నిలబడి, చేతులు కాళ్ళు ఒక లెక్కలో ఆడిస్తూ యంత్రమవుతారు. ఉన్నట్టుండి ఆ యంత్రం ఆగిపోతుంది. అక్కడి నుంచే కథ. ఒక ఫ్యాక్టరీలో కార్మికులు అడిగింది సైకిళ్ళు పెట్టుకోను జాగా, టీ తాగను క్యాంటీన్. దానికి జవాబుగా తూటాలొచ్చాయి. నాటకం పావుగంట కూడా ఉండదు. 1989 జనవరి 1న సాహిబాబాద్ దగ్గర ఝండాపూర్‌లో 'హల్లా బోల్' ఆడుతుండగా దాడి జరిగింది, మర్నాడు సఫ్దర్ చనిపోయాడు. జనవరి 4న ఆయన బీబీ మొలయశ్రీ, సాథీలు అదే చోటికి పోయి ఆగిపోయిన నాటకాన్ని పూర్తి చేశారు. మేం బీడీల మధ్య ఆగిపోయి విన్నాం.

ఆ సాయంత్రం అమ్మీకి హబీబ్ తన్వీర్ సంగతి కూడా చెప్పాను. రాయ్‌పూర్‌లో పుట్టిన హబీబ్ అహ్మద్ ఖాన్, తన్వీర్ ఆయన తఖల్లుస్, నజీర్ అక్బరాబాదీ షాయిరీ మీద 1954లో 'ఆగ్రా బాజార్' కట్టాడు, ఊరోళ్ళని వేదిక ఎక్కించాడు, చూడు మనోళ్ళు ఎంతమంది ఉన్నారో అని. అమ్మీ అంతా విని "వో మరదాఁ హైఁ గే" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

ఐదో రోజు నుంచి సార్ వెనక్కి తగ్గారు. నలుగురేసి గుంపులు చేసి, ఒక మాట ఇచ్చి, గంట తర్వాత ఏదో ఒకటి చేసి చూపించమనేవారు. పారిస్‌లో జాక్ లెకాక్ అనే ఆయన 1956లో పెట్టిన బడిలో పిల్లలు ఇట్లాగే ఉస్తాద్ లేకుండా తమకు తాము కట్టుకుంటారట. వినడానికి బాగుంది కానీ, చేస్తే తెలుస్తుంది ఆ తక్లీఫ్. మొదటి అరగంట మాటలే. నీదొక ఖయాల్, నాదొక ఖయాల్, ఎవరిదీ ముందుకు పోదు. సార్ ఒక కాయిదా పెట్టారు. ఎవరైనా ఏదైనా అంటే "వద్దు" అనొద్దు, లేచి చేసి చూడాలి, తర్వాత కలిసి పారెయ్యాలి. మేం చేసినవాటిలో పదింట తొమ్మిది పారేశాం. నాకు ప్యారా అయినవి కూడా పోయాయి. బాధపడ్డాను, అలిగాను కూడా.

మాకు వచ్చిన మాట "పరాయి దేశం". మా నలుగురిలో గల్ఫ్‌కి ఎవరూ పోని ఇల్లు ఒక్కటి లేదు. ఎయిర్‌పోర్ట్ లైను, క్యాంపు గదిలో ఒకరిమీద ఒకరు మంచాలు, ఛుట్టీకి వచ్చినప్పుడు అట్టపెట్టె విప్పే రాత్రి, ఆ దుప్పట్లు, పాలపొడి డబ్బాలు, చుట్టూ చేరిన రిష్తేదార్లు. ఒకరు శవపేటిక కూడా పెడదామన్నారు. ఇంకొక అబ్బాయి లేచి బయటికి పోయాడు. వాళ్ళ చిన్నాయన అట్లా వచ్చాడని తర్వాత తెలిసింది. దాన్ని మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

మియాబీవీల సీన్ దగ్గర మళ్ళీ నా కథ మొదటికొచ్చింది. రుఖ్సత్ అప్పుడు ఆయన భుజమ్మీద చెయ్యేస్తేగాని తెలియదన్నారు. నేను వెయ్యనన్నాను. సార్ కాసేపు ఆలోచించి, "మీ ఇద్దరి నడుమ ఏదైనా పెట్టుకోండి" అన్నారు.

ఇంటికొచ్చి వాకిట్లో ఆరిన బట్టలు తీస్తుంటే చెయ్యి దండెం మీద ఆగింది. నీలం నైలాన్ తాడు. అబ్బా ఎప్పుడో తెచ్చిన అట్టపెట్టెకి చుట్టి వచ్చిన తాడది. పెట్టె పోయింది, దుప్పట్లు పెళ్ళిళ్ళకి పోయాయి, తాడు మాత్రం దండెమై మిగిలింది. నాకు రెండేళ్ళప్పుడు అబ్బా మొదటిసారి పోయాడు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళలో ఆయన ఇంట్లో ఉన్న నెలలన్నీ కూడితే రెండేళ్ళు కూడా కావు. అమ్మీ, అబ్బా చెయ్యీ చెయ్యీ తగిలేంత దగ్గరగా కూర్చోవడం నేను చూసిందే తక్కువ. ఛుట్టీలో మొదటి వారం ఇద్దరూ మెహమాన్లలా ఉండేవారు. కాస్త అలవాటయ్యేసరికి టికెట్ తారీఖు వచ్చేది. ముట్టుకోకపోవడం మా ఇంట్లో హయా ఒక్కటే కాదు, వీసా కూడా.

తాడు విప్పి సంచిలో పెట్టుకుని పోయాను. ఒక కొస నాది, ఇంకో కొస అతనిది. అతను వెనక్కి నడుస్తుంటే తాడు బిగుసుకుంది. బిగిసిన తాడు మీద నేను బట్టలు ఆరేశాను, ఒక్కొక్కటిగా, దులిపి దులిపి. అతను అటు కొస మోస్తూ ఇటుకలు మోశాడు. ఛుట్టీకి వచ్చినప్పుడు తాడు వదులై నేల మీద పడింది, ఇద్దరం దాన్ని చూస్తూ నిలబడ్డాం. ఆ సీన్‌లో మాట లేదు, ముట్టడం లేదు. మూడో రోజు మెల్లగా అన్నది ఎవరో గానీ, ఆ పూట హాల్లో ఎవరూ ఏమీ అనలేదు.

ఒక్క గొడవ మిగిలింది. క్యాంపు గదిలో అతను నమాజ్ చదువుతున్నట్టు పెడదాం, సజ్దా చాలా అందమైన కదలిక అన్నారు. నిజమే, అందమైనదే. సఫ్‌లో భుజం భుజం ఆనించి, ఒక్క తక్బీర్‌కి అందరూ ఒంగే చోట మొదటి రోజు మేం పడ్డ మెహనత్ ఎవరికీ అక్కర్లేదు. కానీ సజ్దా నేను చూపించడానికి నేర్చుకున్నది కాదు. నేను వద్దు అన్నాను, కాయిదా తప్పి. చాలాసేపు బహస్ అయింది. ఆఖరికి అతను జేబులోంచి దస్తీ తీసి నేల మీద పరుస్తాడు, ఖిబ్లా ఎటో తెలియక నాలుగు దిక్కులా చూస్తాడు. అక్కడ ఆపేశాం.

పదో రోజు అసర్ దాటాక ఇంటివాళ్ళ ముందు ఆడాం. అమ్మీ ఖాలాని వెంటబెట్టుకుని వచ్చి, వెనక తలుపు దగ్గర కూర్చుంది. అయిపోయాక అందరూ తప్పట్లు కొట్టారు. అమ్మీ కొట్టిందో లేదో కనబడలేదు. బస్సులో ఒక్క మాట లేదు. ఇంటికొచ్చి, నమాజ్ చదువుకుని, వాకిట్లోకి వచ్చి నా సంచిలోంచి తాడు తీసింది.

"మై ఐసా నై ఖడీ థీ" అంది. నేను అట్ల నిలబడలేదు.

ఒక కొస నా చేతిలో పెట్టి పొమ్మన్నట్టు గడ్డం ఎత్తింది. నేను గేటు దాకా నడిచాను. అమ్మీ నన్ను చూడలేదు. రెండో కొసని పిడికిట్లో పట్టుకునే వెనక్కి తిరిగి, వంగి, లేని పొయ్యిలో లేని కట్టె ముందుకు తోసింది, ఊదింది. తాడు బిగిసినప్పుడు పిడికిలి వెనక్కి లాగబడింది, అయినా తల తిప్పలేదు. ఎంతసేపు అట్లా ఉన్నామో.

"ఫిర్ కబ్ హై?" అని అడిగింది, లేచి మోకాళ్ళు దులుపుకుంటూ.

అయిపోయింది అమ్మీ, ఇంక లేదు అన్నాను.

"తో బాంధ్ వో రస్సీ. కపడే గీలే హైఁ."