కొలతకు నిలిచిందే ఒరిజినల్

యెజ్డీ మోటార్ సైకిల్‌కు ముందు ఫోర్కు పైపులు కావాలని ఏ దుకాణంలో అడిగినా ఎదురయ్యే ప్రశ్న ఒకటే: 'ఒరిజినలా, లోకలా?' నిజానికి అది మర్యాద కోసం అడిగే ప్రశ్న. మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారం 1996లోనే మూతపడింది. ఎక్కడైనా పాత గోదాములో మిగిలిన సరుకు తగిలితే అదృష్టం. మిగతాదంతా బయటి తయారీదారుల సరుకే. అట్టపెట్టె మీద మాత్రం 'జెన్యూన్' అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఎవరికి జెన్యూన్ అన్నది ఉండదు.

మా బండి 1986 నాటి రోడ్‌కింగ్. 250 సీసీ టూ స్ట్రోక్ ఇంజను, రెండు సైలెన్సర్లు, కిక్కుకూ గేరుకూ ఒకే లివరు. నంబరు ప్లేటు మీద ఇప్పటికీ ఎంపీ అక్షరాలే. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడినా బండి మాత్రం పాత రాష్ట్రంలోనే ఉండిపోయింది. దాన్ని కొన్నది నాన్న. ఉక్కు కర్మాగారంలో పని కోసం ఉత్తరాంధ్ర నుంచి విజయనగరం మీదుగా రాయపూర్ రైలెక్కి భిలాయ్ చేరిన తెలుగువాళ్లలో ఆయనొకరు. రైలు పట్టాలు చేసే మిల్లులో ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యారు.

మా ఊరికీ ఆ బండికీ ఒక పోలిక ఉంది. భిలాయ్ కర్మాగారానికి 1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. మైసూరు కర్మాగారం చెకోస్లొవేకియాకు చెందిన జావా లైసెన్సుతో 1961లో ఉత్పత్తి మొదలుపెట్టింది. 1973 నుంచి ఆ బళ్లకు యెజ్డీ అని పేరు. డ్రాయింగులిచ్చిన ఆ రెండు దేశాలూ ఇప్పుడు ప్రపంచపటంలో లేవు. అయినా భిలాయ్‌లో పట్టాల తయారీ ఆగలేదు. విదేశీ భాగం అరిగితే కొలత తీసి, లేత్ మీద ఇక్కడే చేసుకునేవాళ్లమని నాన్న చెబుతారు. దాన్ని ఎవరూ డూప్లికేట్ అనలేదట. పనిచేస్తే భాగం, లేకపోతే తుక్కు.

ఇరవై ఏళ్లుగా వారానికోసారి స్టార్ట్ చేయడం తప్ప పెద్దగా రోడ్డెక్కని ఆ బండిని కాలేజీకి తీసుకెళ్తానని మా అమ్మాయి అడిగింది. నేను వద్దన్నాను. నాన్న వెంటనే ఒప్పుకోలేదు, వద్దనీ అనలేదు. ముందు చక్రానికి అటూ ఇటూ ఉన్న ఫోర్కు కాళ్లను వేలితో తుడిచి చూపించారు. వేలికి నల్లటి ఆయిలు అంటింది. "ముందు ఇది బాగవనీ, తర్వాత మాట్లాడదాం" అన్నారు.

ఫోర్కు పని చెప్పడానికి సులువే. క్రోమ్ పూత వేసిన ఉక్కు పైపు కింది గొట్టంలో పైకీ కిందికీ జారుతుంది. ఆ కింది గొట్టాన్నే మెకానిక్కులు బాటమ్ అంటారు. లోపల స్ప్రింగు బరువు మోస్తుంది. సన్నటి రంధ్రాల గుండా కదిలే ఆయిలు ఆ స్ప్రింగు ఊపును అణుస్తుంది. ఆయిలు బయటికి రాకుండా ఆపేది రబ్బరు సీలు. పైపు మీద తుప్పుతో చిన్న గుంట పడితే చాలు, దాని అంచు సీలును గీరుతూనే ఉంటుంది. అప్పుడు ఎన్ని కొత్త సీళ్లు వేసినా నెల తిరక్కుండా కారతాయి. కారిన ఆయిలు డ్రమ్ములోకి దిగి బ్రేకు లైనింగుకు అంటితే ప్రమాదమే. బ్రేకు వేసినప్పుడు బండి బరువంతా ముందుకు వాలుతుంది. ఆ బరువును మోసేది ఈ రెండు కాళ్లే.

మొదట మేం చూసిన దుకాణంలో పైపులు అద్దంలా మెరిశాయి. నాన్న జేబులోంచి వెర్నియర్ తీశారు. రెండు పైపుల వ్యాసం ఒకేలా లేదు. తర్వాత ఒక పైపును దుకాణం కౌంటరు అద్దం మీద పెట్టి నెమ్మదిగా దొర్లించారు. నిటారుగా ఉన్న పైపు అద్దానికి అంటుకునే దొర్లుతుంది. వంపు ఉంటే కింద వెలుతురు సందు కనిపిస్తూ పోతూ ఉంటుంది. ఇందులో కనిపించింది. "రావు సాబ్, ఇది కంపెనీ మాల్" అన్నాడు దుకాణదారు. "కంపెనీ ఏది బాబూ?" అని హిందీలోనే అడిగి నాన్న బయటికి నడిచారు.

మెకానిక్కు మరో దారి చూపాడు. ఈ రోజుల బండి ఫోర్కును డిస్కు బ్రేకుతో సహా తగిలించేస్తే పోతుంది కదా అన్నాడు. చాలామంది చేస్తున్నదే. కానీ ఫోర్కు పొడవు మారితే బండి నిలువు, హ్యాండిల్ తిరిగే తీరు, మలుపులో దాని స్వభావం అన్నీ మారతాయి. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. మోటార్ సైకిల్‌కు 15 ఏళ్లు దాటాక అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు వెళ్లాల్సిందే. 2022 జనవరిలో యెజ్డీ పేరు మళ్లీ మార్కెట్లోకి వచ్చింది గానీ అది ఫోర్ స్ట్రోక్, కొత్త డిజైన్. పేరు కలిసింది, పైపు కలవదు.

చివరికి మరో ఊరి నుంచి తెప్పించిన జత కొలతకు నిలిచింది. పెట్టె మీద తయారీదారు పేరు కూడా లేదు. దానికే కొత్త సీళ్లు, బుష్‌లు తీసుకున్నాం. రెండు కాళ్లలోనూ ఆయిలు కొలపాత్రతో సమానంగా పోశాం. ఎక్కువ తక్కువైతే ఒక కాలు గట్టిగా, ఒకటి మెత్తగా పనిచేసి ఫోర్కు మెలి తిరుగుతుంది. బిగించేటప్పుడు నాన్న మెకానిక్కును ఆపారు. ముందు చక్రం ఇరుసు బిగించి, హ్యాండిల్ పట్టుకుని నాలుగైదు సార్లు బలంగా కిందికి నొక్కించి, ఆ తర్వాతే క్లాంపు బోల్టులు బిగించనిచ్చారు. కాళ్లు వాటంతట అవే సమాంతరంగా సర్దుకోవాలని. చక్రం పైకెత్తి హ్యాండిల్ అటూ ఇటూ తిప్పి కోన్ సెట్ కూడా చూశారు.

ఇంత శ్రమ ఎందుకు, కూతురికి ఒక స్కూటరు కొనివ్వచ్చుగా అని మిత్రులు అడిగారు. కొనివ్వచ్చు. డెబ్బై ఆరేళ్ల మనిషి తన బండిని మనవరాలికి ఇస్తున్నాడన్న మమకారం ఒక్కటే అయితే నేనూ ఒప్పుకునేవాణ్ని కాదు. మమకారానికి బ్రేకులుండవు. నన్ను ఒప్పించింది ఆయన వెర్నియర్. కంపెనీ పేరున్న చోట మనం పేరును నమ్మి నిశ్చింతగా ఉంటాం. తప్పు జరిగితే అడగడానికి ఒక చిరునామా ఉంటుంది. ఆ చిరునామా పోయిన వస్తువు విషయంలో పూచీ మనదే. అప్పుడు నమ్మకాన్ని పెట్టె మీద చదవడం కుదరదు, చేత్తో కొలిచి తేల్చుకోవాలి.

మా అమ్మాయి ఇప్పుడు సెక్టార్ రోడ్ల మీద, తాతయ్య పెట్టిన వేగం హద్దులో బండి నడుపుతోంది. హెల్మెట్ తప్పనిసరి. మరో షరతు కూడా ఉంది: ప్రతి ఆదివారం పైపుల మీద తెల్లగుడ్డతో తుడిచి ఆయనకు చూపించాలి. ఇప్పటివరకు గుడ్డ పొడిగానే ఉంది. ఈసారి సీళ్లు మార్చాల్సి వస్తే ఆ పని తనే చేయాలని తాతయ్య ముందే చెప్పేశారు. వెర్నియర్ చదవడం నేర్పుతున్నారు.