బెత్తెడు ఎడం

పెరట్లో క్యారెట్, బీట్‌రూట్, ముల్లంగి వేసుకున్నవాళ్ళు చాలామంది ఒకే మాట అంటారు: "ఆకు ఏపుగా వచ్చిందండీ, తవ్వి చూస్తే వేలెడంత దుంప లేదు" అని. వెంటనే విత్తనాల కొట్టువాణ్ణి తిట్టుకుంటాం. నన్నడిగితే, ఎప్పుడు వేశాం, ఎంత ఎడంగా ఉంచాం అన్నది ముందు చూసుకోవాలి.

మా ఇంట్లో ఈ ఎడం దగ్గరే పెద్ద గొడవైంది. మొలకలు రెండంగుళాలు ఎదిగాక నేను ఒత్తుగా ఉన్నవి పీకేస్తుంటే మా అత్తగారు విలవిల్లాడిపోయారు. "పచ్చటి మొక్కని చేతులారా చంపుతావుటే అమ్మాయ్!" అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. గింజ గింజా చూసుకుని సంసారం ఈదిన మనిషి, ఆవిడ బాధ నాకు తెలియనిది కాదు. చివరికి మడికి అడ్డంగా తాడు కట్టాం. అటు ఆవిడది, ఇటు నాది. నా వైపు వరుసల మధ్య అడుగు దూరం, వరుసలో క్యారెట్‌కి బెత్తెడు, అంటే సుమారు 3 అంగుళాలు, బీట్‌రూట్‌కి 4 అంగుళాలు వదిలాను.

బీట్‌రూట్‌ది మరీ తమాషా. మామూలు రకాల్లో మనం గింజ అనుకునేది నిజానికి రెండు మూడు గింజల ముద్ద. ఎంత దూరంగా నాటినా గుంపుగానే మొలుస్తాయి, పీకక తప్పదు. పీకిన క్యారెట్ మొక్కని ఇంకోచోట నాటదామంటే వేరు చీలి వంకర్లు పోతుంది. ఆ ఆశ వద్దు.

అదను విషయంలో మాత్రం మా అత్తగారి మాటే మాట. దసరా వెళ్ళి రాత్రుళ్ళు చల్లబడితే గానీ క్యారెట్ గింజ ముట్టనివ్వరు. 15-20 డిగ్రీల చల్లదనంలోనే ఆ దుంప బాగా ఊరి రంగు తేలుతుంది. మా గుంటూరు ఎండలకి ఫిబ్రవరిలో వేస్తే ఇంకేం ఊరుతుంది! ముల్లంగిలో ఎండకి తట్టుకునే పూసా చేత్కీ లాంటి రకాలున్నాయి. అవీ 45 రోజులు దాటితే బెండుబారతాయి.

రథసప్తమి వెళ్ళాక క్యారెట్ తవ్వాం. ఆవిడ వైపు లెక్కకి ఎక్కువే, అన్నీ చిటికెనవేలంత. నావి ఇరవై తూస్తే కిలోన్నర వచ్చాయి. ఆవిడేమీ అనలేదు. తనవి ముక్కలు కోసి, ఆవపిండి, నిమ్మరసం కలిపి ఊరగాయ పెట్టి, ముందు నాకే వడ్డించారు. ఈ ఏడు ముల్లంగి మడిలో పీకడం ఆవిడే మొదలుపెట్టారు. లేత ఆకు పెసరపప్పులోకి బాగుంటుందట.