సింకు కింద ఇంకో సింకు!

నిమ్మ ఉప్పు ఇంత గట్టిదని ఇన్నాళ్లూ నాకు ఒక్కరైనా చెప్పారా? షర్బత్తులోకి, జామ్‌లోకి, పాలు విరిచి పన్నీర్ చేసుకోవడానికి వంటింట్లో ఓ మూల చిన్న సీసాలో పడి ఉంటుందే, అది! ఓ చెంచాడు తీసి గ్లాసుడు వేడినీళ్లలో కలిపి మా స్టీలు సింకుకి పట్టించాను. ఆ తర్వాత కనిపించింది నాకింకా నమ్మబుద్ధి కావడం లేదు. మేం రోజూ చూసే ఆ బూడిదరంగు తొట్టి కింద తళతళలాడే తొట్టి ఇంకోటి ఉందండీ!

హైదరాబాద్ శివార్లలో బోరు నీళ్లతో కాపురం చేసేవాళ్లకి మా సింకు ఎలా ఉండేదో వర్ణించి చెప్పక్కర్లేదు. నల్లా మొదట్లో తెల్లటి గార. అంచుల వెంబడి ఆరిపోయిన చుక్కల మచ్చలు. జాలీ చుట్టూ పసుపూ కాదు, నలుపూ కాదు, పేరులేని ఓ రంగు. పూటపూటా సబ్బుతో తోముతాం. తడిగా ఉన్నంతసేపు బాగానే ఉంటుంది, ఆరిందా, మళ్లీ అదే మొహం. పాతబడిపోయింది పాపం అని అందరం సరిపెట్టుకున్నాం. స్టీలు పాతబడలేదు, దాని మీద రాయి పేరుకుంది! నిజంగా రాయే. బోరు నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలు నీళ్లు ఆరినప్పుడల్లా ఓ పలచటి పొర వదిలిపెట్టి పోతాయి. అందులో ముఖ్యమైనది కాల్షియం కార్బొనేట్, సున్నపురాయిలో ఉండేదే. దాన్ని సబ్బు ఏం చేస్తుంది? ఏమీ చెయ్యదు. పులుపు కరిగిస్తుంది.

అయితే నేరుగా పులుపు పోసేస్తే సగం పనే అవుతుంది. ముందు జిడ్డు పోవాలి, ఎందుకంటే నూనె పొర ఉన్నచోట పులుపు కిందికి దిగదు. అందుకని తడి సింకు మీద వంటసోడా చల్లి మెత్తటి స్పాంజితో రుద్దాను. బలంగా కాదు, స్టీలు చార ఎటు ఉంటే అటు. మీ సింకుకీ చార ఉండే ఉంటుంది, లైటు వేసి వంగి చూడండి. ఫ్యాక్టరీలో మెరుగు పెట్టినప్పుడు పడిన వెంట్రుకల్లాంటి గీతలు, అన్నీ ఒకే దిక్కుకి పోతుంటాయి. వాటికి అడ్డంగా తోమితే కొత్త గీతలు పడతాయి, వెలుతురు నాలుగు పక్కలకీ చెదిరిపోతుంది, తొట్టి మసకబారుతుంది. చెయ్యి గుండ్రంగా తిప్పుతూ గిన్నెలు తోమడం మరిగిన మనకి ఇది కాస్త కష్టమే. మొదట్లో నా చెయ్యి నా మాట వినలేదు.

సోడా శుభ్రంగా కడిగేశాక నిమ్మ ఉప్పు నీళ్లు. గోడల మీద అవి నిలవవు కాబట్టి పాత బనీను గుడ్డ ముక్కలు ముంచి అతికించాను, నల్లా మొదలుకి ఇంకో ముక్క చుట్టాను. చెవి దగ్గర పెడితే సన్నగా చిటపట! బుడగలు! గారలోని కార్బొనేట్ కార్బన్ డయాక్సైడ్ అయి పైకి పోతోందన్నమాట. పావుగంట ఆగి గుడ్డ తీశాను. గోటితో గీకినా కదలని గార మెత్తబడి స్పాంజికి వచ్చేసింది! మొండికేసిన చోట్ల మళ్లీ ఓ విడత. ధారాళంగా నీళ్లు పోసి, పొడిబట్టతో తుడిచి చూస్తే... ఇంట్లోవాళ్లని పేరుపేరునా పిలిచి చూపించాను. ఎవరూ నా అంత సంబరపడలేదు, అది వేరే సంగతి.

వీడియోల్లో సోడా మీద వెనిగర్ పోస్తారే, బుస్సున పొంగుతుంది, అది నాకిప్పుడు వట్టి తమాషా అనిపిస్తోంది. క్షారమూ ఆమ్లమూ ఒకదాని బలం ఒకటి తీసేసుకుంటే చివరికి మిగిలేది నీళ్లూ, అందులో కరిగిన ఓ లవణమూ. వేటి పని వాటిని విడిగా చెయ్యనిస్తేనే లాభం. పులుపుతో మరకలు వదిలించే విద్య చింతపండుకీ తెలుసు. ఇత్తడి బిందెల్ని అమ్మ ఎందుకు దానితో తోమేదో ఇప్పుడు అర్థమైంది, అందులోని టార్టారిక్ ఆమ్లం కోసం! కాకపోతే సింకులో గుజ్జు పోయి జాలీలో ఇరుక్కుంటుంది, ఆ తంటా ఎవరు పడతారు?

ఇంత పులుపు పోస్తే స్టీలునే తినెయ్యదా అని గుబులు పుట్టి కాస్త చదివాను. అక్కడ ఇంకో ఆశ్చర్యం! 1913లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ అనే లోహశాస్త్రజ్ఞుడు తుపాకీ గొట్టాలు త్వరగా అరిగిపోకుండా ఏం చెయ్యాలా అని ఉక్కులో క్రోమియం కలిపి చూస్తున్నాడు. 12.8 శాతం క్రోమియం ఉన్న ముక్క ఒకటి ఆమ్లానికి లొంగలేదు. ఆ ఉక్కుని ఆయన పరీక్షించినవాటిలో వెనిగర్, నిమ్మరసం కూడా ఉన్నాయి! అంటే నేనిప్పుడు సింకులో పోసింది స్టెయిన్‌లెస్ స్టీలు పుట్టుకనాటి పరీక్షే. క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి లోహం మీద కొన్ని నానోమీటర్ల మందం పొర కడుతుంది. గీత పడితే గాలి తగిలి మళ్లీ తనంతట తానే కట్టుకుంటుంది. మంచి సింకులకి వాడే 304 రకంలో క్రోమియం సుమారు 18 శాతం, నికెల్ 8 శాతం. మన వంటింటి పులుపులు దాన్నేమీ చెయ్యలేవు.

చేసేవి వేరే ఉన్నాయి. బాత్రూములో పోసే యాసిడ్, బ్లీచింగ్ పౌడరు! రెండింటిలోని క్లోరిన్ సంబంధమైన సరుకు ఆ పొరని పొడుచుకుంటూ పోయి సూది గుంటలు పెడుతుంది. ఊరగాయ ఉప్పు రాత్రంతా అంటుకుని ఉన్నా అంతే. బ్లీచింగ్‌ని ఏ పులుపుతోనూ కలపకండి, నిమ్మ ఉప్పుతో కూడా. క్లోరిన్ విషవాయువు వస్తుంది.

ఇంకోటి, ఇది మాత్రం మన వాళ్లంతా వినాలి. సింకు చుట్టూ ఉన్నది కడప బండా? అయితే నిమ్మ ఉప్పు నీళ్లు ఒక్క చుక్క కూడా బండ మీద పడనివ్వకండి. కడప బండ సున్నపురాయే. గారని కరిగించే పులుపు బండని మాత్రం ఎందుకు వదులుతుంది? నునుపు పోయి తెల్లటి మచ్చ పడుతుంది. షాబాద్ బండకీ, పాలరాయికీ అదే గండం. మాది గ్రానైట్ గనక బతికిపోయాం.

సింకులో అక్కడక్కడా కనిపించే ఎర్రటి తుప్పు చుక్కలు చాలాసార్లు సింకువి కానే కావు! ఇనప పీచు రజను, తడిగా వదిలేసిన పెనం అంటించినవి. నిమ్మ ఉప్పు గుడ్డకి అవీ పోయాయి. ఇనప పీచుని మాత్రం నేను వంటింట్లోంచే వెళ్లగొట్టేశాను. చివర్లో రెండు చుక్కల కొబ్బరినూనె చార వెంబడి రాస్తే నీళ్లు ముత్యాల్లా జారతాయంటారు. రాశాను, జారాయి, రాత్రి గిన్నెల సబ్బుతో సహా నూనె కూడా జారిపోయింది. చుట్టాలొచ్చే ముందు చేసుకోదగ్గ సోకు. రోజూ అయితే పొడిబట్టతో ఓసారి తుడవడమే మేలు, ఆరడానికి నీళ్లే లేకపోతే రాయి ఎలా పేరుకుంటుంది?

ఇక నన్ను పట్టలేకపోతున్నారు ఇంట్లో. నల్లా మూతి జల్లెడ విప్పి నిమ్మ ఉప్పు నీళ్లలో నానేశాను, ధార మళ్లీ నిండుగా వస్తోంది. షవరు సగం బెజ్జాలు మూసుకుపోయి ఉంది, అది రేపు. ఇప్పుడు కరెంటు కెటిల్ అడుగున ఉన్న తెల్లటి పొర మీద పడ్డాను. నీళ్లలో చెంచాడు నిమ్మ ఉప్పు వేసి ఓ పొంగు రానిచ్చి స్విచ్చి ఆపేశా. పక్కనే కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టా: టీకి కాదు, ముట్టుకోవద్దు.