ఇంటఁ బనిచేయు తండ్రి

2020వ సంవత్సరము మార్చి మాసాంతమున దేశమంతయుఁ దలుపులు మూసికొన్నప్పుడు, మా సత్యనారాయణపురపు రెండు గదుల యింటఁ బగటివేళ నేనును ఆఱేండ్ల మా యమ్మాయియు మిగిలితిమి. నా భార్య ఆసుపత్రిలో నర్సు. ఆమెకు సెలవు లేదు సరికదా, పని రెట్టింపైనది. నాకు బడి మూసిరి కాని, కొన్ని వారములకే పాఠము మరల మొదలిడుమనిరి. అమరకోశమును, ఆప్టే నిఘంటువును ఒకదానిపై నొకటి పేర్చి, వానికిఁ జేతిఫోను నానించి, అందులోని చిన్నచిన్న గడులలోఁ గానవచ్చు పిల్లలకు సంస్కృతము చెప్పుట యలవఱచుకొంటిని. పాఠమునకుఁ గూర్చుండుటకు ముందు గది తలుపు గడియ వేసెడివాఁడను. మా యమ్మాయి యవతలనుండి తట్టెడిది, కొంతసేపటికి మానెడిది. పిల్లకు ఓర్పు వచ్చినదని నేను సంతోషించితిని.

ఒకనాఁడు పై తరగతికి రఘువంశమునఁ బ్రథమసర్గము చెప్పుచుంటిని. ప్రజలకు విద్య గఱపి, కాపాడి, పోషించుటచే దిలీపుఁడే వారికి నిజమైన తండ్రి యనియుఁ, గన్నవారు పుట్టుకకు మాత్రమే కారణమనియుఁ గాళిదాసు భావము. దానిని మిక్కిలి యుత్సాహముతో వివరించి గడియ తీయఁగా, పొరుగింటి ముసలమ్మ గోడమీఁదుగా మా పిల్లను బలుకరించుచున్నది.

"మీ నాన్న ఏం పని చేస్తాడే అమ్మా?"

"తలుపేసుకుని మాట్లాడతాడు."

ముసలమ్మ నవ్వినది. నాకు నవ్వు రాలేదు.

మా తండ్రిగారు దివిసీమలో నొక పల్లెటూర సంస్కృతము చెప్పెడివారు. వారి పాఠశాల మా వీథియరుగు. ఆ యరుగు స్తంభము చుట్టుఁ దిరుగుచు నాడుకొను వయస్సుననే రామశబ్దము నాకు వచ్చినది. కూర్చుండఁబెట్టి యెవ్వరును నేర్పలేదు. వారు శిష్యులపైఁ గోపగించుటయు, మఱచిపోయిన శ్లోకపాదమునకై కన్నులు మూసికొని వెదకికొనుటయు, తాము పొరబడినప్పుడు పదునేనేండ్ల కుఱ్ఱవాని యెదుట "నీవు చెప్పినదే సరి" యని యొప్పుకొనుటయు నేను జూచితిని. ఇంతకును వారు నన్ను సంస్కృతమునకుఁ బంపఁదలఁపలేదు. ఈ విద్య కూడు పెట్టదని నిశ్చయించి, నన్ను ఇంజనీరును జేయుటకు విజయవాడలో నొక వసతి కళాశాలలోఁ జేర్చిరి. అక్కడి రెండేండ్లను గుఱించి వ్రాయను. తెల్లవాఱుజామునుండి రాత్రి పదింటివఱకు లెక్కలు చేసితినని మాత్రము చెప్పుదును. ఎంసెట్టులో నాకు వచ్చిన స్థానము చెప్పుకొనఁదగినది కాదు. తండ్రిగారి మాట యొకవైపు లాగినది, తండ్రిగారి పని యింకొకవైపు లాగినది, పనియే గెలిచినది.

నాది చిన్న కథ. ఈ యూరి పెద్ద కథ యొకటి పాఠకు లెఱిఁగినదే. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు 1930లో గోదావరీతీరపు శంకరగుప్తమునఁ బుట్టిరి. పసికందుగా నున్నప్పుడే తల్లి పోయినది. తండ్రి పట్టాభిరామయ్యగారు సంగీత విద్వాంసులు. విద్య లోపల, బిడ్డ వెలుపల నను నేర్పాటు ఆ యింట సాగి యుండదని నా యూహ. నాకు మఱింత యాశ్చర్యము గొలుపునది వేఱొకటి కలదు. తాము నేర్పఁగలవారయ్యు, ఆయన కుమారుని విజయవాడలోఁ బారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి కప్పగించిరి. బాలుఁడు ఎనిమిదేండ్ల వయస్సున నీ యూరనే తొలి కచేరి చేసెను. పెద్దయిన పిమ్మట నిచటి ప్రభుత్వ సంగీత కళాశాలకుఁ బ్రథమాధ్యక్షుఁ డయ్యెను.

ఐనను, కన్నుల యెదుటి పని బిడ్డ నెల్లప్పుడు నాకర్షించు నని చెప్పరాదు. కృష్ణ దాఁటి మంగళగిరికిఁ బోయిన, నేఁతవారి గుంటమగ్గము లిండ్లలోనే కానవచ్చును. తండ్రి గుంటలోఁ గాళ్లుంచి నేయుచుండఁగాఁ దల్లి కండెలు చుట్టును. పిల్లలు ప్రక్కనే యాడుకొందురు. మాస్టరు వీవరు నూలిచ్చి, నేసిన చీరకుఁ గూలి కట్టి యిచ్చును. ఇంటినుండి పని యనునది కంప్యూటరువారు కనిపెట్టినది కాదు. అట్టి యింటి బాలుఁడొకఁడు నాయొద్దఁ జదివెను. నీవును నేయుదువా యని యడిగితిని. "మా నాన్న నడుం నొప్పి రోజూ చూస్తున్నాను కదండీ" అనెను. నేను బదులు చెప్పలేకపోతిని.

ఆ యేఁటినుండి హైదరాబాదు, బెంగుళూరు కొలువులలోని యువకు లెందఱో లాప్‌టాపులతో మా వీథులకుఁ దిరిగి వచ్చిరి. అమెరికా వేళలనుబట్టి రాత్రులు పనిచేయువాఁడు పగలు నిద్రించును. బిడ్డ యతనిని నిద్రలోనే చూచును. 2017లో ప్రసూతి సౌకర్యముల చట్టమును సవరించినప్పుడు, తల్లికి 26 వారముల సెలవు ననిరి. 50 మందియు నంతకు మించియుఁ బనిచేయుచోట శిశుసంరక్షణశాల యుండవలె ననిరి. తల్లి దినమునకు 4 మాఱు లచటికిఁ బోయి బిడ్డను జూచి రావచ్చు ననిరి. యజమాని యొప్పుకొన్నచో సెలవు పిదప నింటినుండియుఁ బని చేయవచ్చు ననిరి. తండ్రి యెన్ని మాఱులు చూడవలయునో యా సవరణలో లేదు. చట్టమును నిందింపఁబోను. మా మగవారిలో నెవ్వ రడిగిరి?

ముసలమ్మ పలుకరింపు తరువాత నేను గడియ వేయుట మానితిని. మా యమ్మాయి నా ప్రక్కఁ బీఁటపైఁ గూర్చుండి పలకమీఁద బొమ్మలు వ్రాసికొనెడిది. ఎవరైన విభక్తి తప్పినఁ గిసుక్కున నవ్వెడిది. పాఠములోఁ బసిపిల్ల గొంతు వినవచ్చుచున్నదని తల్లిదండ్రు లొకరిద్దఱు బడికి వ్రాసిరి. పెద్దలు నన్ను మందలించిరి. నేను మూఁడు దినములు మరల గడియ వేసితిని. సిగ్గుతో నొప్పుకొనుచున్నాను. నాలవనాఁడు తీసితిని.

ఆ పిల్ల యిప్పుడు పెద్దదైనది. రామశబ్దము తడబాటు లేక చెప్పును. మొన్న నా సిద్ధాంతమునకు సాక్ష్యము దొరకునను నాశతో, పెద్దయిన పిమ్మట నేమి చేయుదువని యడిగితిని.

"నర్సు నవుతాను నాన్నా" అన్నది.

వాళ్లమ్మ పనిచేయుట యది యెన్నఁడును గంటఁ జూడలేదు. రాత్రి తల దువ్వుచు నామె యానాఁటి వార్డు సంగతులు దానికిఁ జెప్పుచుండును. ఆ వేళ నేను ప్రక్కగదిలో నోటుపుస్తకములు దిద్దుకొనుచుందును.