తరణధర్మం: ఎంత పడుతుంది, ఎంత మోస్తుంది

సంస్కృతంలో 'తౄ' ధాతువుకు దాటుట అని అర్థం. తరణి అంటే నావ. నదిని దాటే రేవు తీర్థం. సంసారాన్ని దాటించే మంత్రం తారకం. ఈ వ్యుత్పత్తులను వేదపాఠశాలలో బాల్యంలోనే వల్లె వేశాను. కానీ దాటించేవానికి తాను మోయగల భారం ఎంతో తెలిసి ఉండాలన్న సత్యాన్ని రెండు రేవుల దగ్గర, దాదాపు ముప్పై ఏళ్ల ఎడంతో నేర్చుకున్నాను.

రెండవ రేవు సంగతి ముందుగా మనవి చేస్తాను. కొన్నేళ్ల క్రితం అమెరికాలోని సియాటిల్ ప్రాంతంలో స్థిరపడిన మా కోనసీమ కుటుంబమొకటి గృహప్రవేశం జరిపించమని నన్ను ఆహ్వానించింది. వారి నూతన గృహం సముద్రపు పాయకు ఆవల, బెయిన్‌బ్రిడ్జ్ ద్వీపంలో ఉంది. కార్లతో సహా మనుషులను దాటించే ఫెర్రీ ఎక్కి సుమారు 35 నిమిషాలు ప్రయాణించాలి. ఆ జలాలలో తిరిగే ఫెర్రీలలో అతి పెద్దవి 460 అడుగుల పొడవు గలవి. 202 కార్లను, సుమారు 2,500 మంది ప్రయాణికులను మోసేటట్లు 1990ల చివరలో నిర్మింపబడినవి. రెండు కొసలూ ఒకే రీతిగా ఉంటాయి. ఇరువైపులా ద్వారాలున్న మండపంలోకి వెళ్లినట్లు కారు ఒక కొసన ప్రవేశించి, వెనుదిరగకుండానే రెండవ కొసన దిగిపోతుంది.

మా ముందున్న కారు ఎక్కింది. మా వంతు రాగానే సిబ్బందిలో ఒకామె చెయ్యెత్తి ఆపింది. "ఆ పక్కన చోటు కనిపిస్తూనే ఉంది కదా గురువుగారూ! ఒక్క కారేగా!" అన్నాడు గృహయజమాని. లగ్నం దాటిపోతుందని ఆయన వేదన. ఆ మాట విని నేను తల దించుకున్నాను. ఒకప్పుడు అటువంటి మాటే నా నోట వచ్చింది.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. మాఘమాసంలో ఒక వివాహానికి వసిష్ఠ గోదావరి దాటాలి. రేవులో ఉన్నది ఒకే పంటు. అప్పటికే దానిమీద మోటారు సైకిళ్లు, ధాన్యపు బస్తాలు, జనం. పెళ్లివారం పదిహేను మందిమి. సరంగు వద్దన్నాడు. "ముహూర్తం మీకు తెలుసండీ అయ్యగారూ, బరువు నాకు తెలుసండీ" అన్నాడు. "పదిహేను మందేగా! ఇది దైవకార్యం. గోదావరి తల్లి చూసుకుంటుంది" అన్నాను నేను. ధోవతి, విభూతి, శిఖ ఉన్న బ్రాహ్మణుడి మాటను అతడు కాదనలేకపోయాడు.

నడి ఏటిలో గాలి లేచింది. భయంతో జనమంతా ఒక పక్కకు జరిగారు. ఆ పక్క వంగింది, నీరు పలకల మీదికి వచ్చింది. ఒక తల్లి చంక నుండి బిడ్డ జారి ఏటిలో పడింది. సరంగు కొడుకు దూకి బిడ్డను పైకి తెచ్చాడు. బిడ్డ బ్రతికింది. ఆవలి ఒడ్డు చేరేవరకు సరంగు నన్ను ఒక్క మాట అనలేదు. ఆ మౌనమే నాకు నేటికీ శిక్ష. ఆ రోజు సుముహూర్తంలోనే మంగళసూత్రధారణ చేయించాను. మంత్రం చెబుతున్నంతసేపు నా చేతులు వణికాయి.

సియాటిల్ నుండి తిరిగి వచ్చాక ఈ నౌకల గురించి శ్రద్ధగా చదివాను. నౌకలో ఎంత 'పడుతుంది' అన్నది వేరు, నౌక ఎంత 'మోస్తుంది' అన్నది వేరు. బరువైన వాహనాలను మధ్యవరుసలలో నిలిపి, ఇరుపక్కలా తూకం సరిచూస్తారు. ఎందరిని ఎక్కించుకోవాలన్నది ఆపదలో ఎందరిని రక్షించగలరన్న దానిమీద ఆధారపడుతుంది. నియమిత సిబ్బందిలో ఒక్కరు తగ్గినా నౌక కదలరాదు. సముద్రయానం చేసే ఓడల పార్శ్వాన భారరేఖ అనే గుర్తు ఉంటుంది. శామ్యూల్ ప్లిమ్‌సాల్ అనే పార్లమెంటు సభ్యుని పోరాటం వలన 1876లో బ్రిటన్ దానిని చట్టం చేసింది. నేడు ఆ గుర్తు ఒక్క గీత కాదు. వేసవికి ఒక గీత, శీతాకాలానికి మరొకటి, ఉష్ణమండల జలాలకు ఇంకొకటి, మంచినీటికి వేరొకటి. దేశకాలపాత్రములను విచారించి దానం చేయాలని గీతాచార్యుడు బోధించాడు. నావికులు ఆ వివేకాన్నే ఓడ పార్శ్వాన లిఖించుకున్నారు.

ఆ రేఖను వంచించిన కథ కూడా ఉంది. 2014 ఏప్రిల్ 16న దక్షిణ కొరియాలో సెవోల్ అనే ఫెర్రీ 476 మందితో పోతూ మునిగింది. 304 మంది మరణించారు. వారిలో అత్యధికులు పాఠశాల విద్యార్థులు. అనుమతించిన దానికంటే సుమారు రెండింతల సరుకు ఎక్కించి, ఓడ మరీ లోతుకు దిగకుండా అడుగు తొట్లలో నిలకడ కోసం ఉండవలసిన నీటిని తగ్గించారు. బయటి రేఖ సరిగ్గానే కనిపించింది, లోపలి నిలకడ పోయింది. మలుపులో సరుకు ఒరిగింది, దానితో ఓడా ఒరిగింది. ఇది చదివినప్పుడు నాకు నేనే గుర్తుకు వచ్చాను. ఆనాడు నా నుదుటి విభూతిరేఖ సరిగ్గానే ఉంది. లోపల ఉండవలసిన వివేకం మాత్రం లేదు.

ఇక ఆ గృహప్రవేశం మాట. తరువాతి ఫెర్రీకి వెళ్లాము, లగ్నం దాటిపోయింది. పంచాంగం చూచి మధ్యాహ్నం మరొక శుభలగ్నాన్ని నిర్ణయించి పాలు పొంగించాము. ఆ ఇల్లు నేటికీ క్షేమంగా ఉంది.

నిరుడు వైకుంఠ ఏకాదశికి మా ఆలయంలో ముఖమండపంలోకి ఒక్కసారి నలభై మందిని మించి విడువరాదని ధర్మకర్తలను కోరి తాడు కట్టించాను. "స్వామి దర్శనానికి లెక్కలేమిటి పంతులుగారూ? ఆయనే చూసుకుంటాడు" అని ఒక పెద్దాయన ఆగ్రహించారు. నేను చేతులు జోడించి, "స్వామి కరుణకు లెక్క లేదండీ. మన మండపానికి ఉంది" అన్నాను. ఆయన చాలాసేపు నాతో మాట్లాడలేదు. అయినా తాడు విప్పలేదు.

దాటించమని అడిగేవారి ఆర్తి సత్యమే. ఆ ఆర్తిని ఎరిగి కూడా 'ఇప్పుడు కాదు, తరువాతి నావకు' అని చెప్పగలగడం దాటించేవాని ధర్మం. ఆనాటి సరంగుకు ఆ ధర్మం తెలుసు. దానిని అతడి చేత తప్పించినవాడిని నేను.

స్వస్తి.