చేరడమూ జాయినవడమూ

డిగ్రీ కాగానే అమీర్‌పేటలో కోర్సుకు జాయినవుతారు. మాదాపూర్‌లో హాస్టల్లో జాయినవుతారు. ఉద్యోగం రాగానే రాయదుర్గం మెట్రో ఎక్కి వెళ్లి కంపెనీలో జాయినవుతారు. ఇక ఆ రోజు నుంచీ కాల్స్‌లో జాయినవడమే పని. 1998లో సైబర్ టవర్స్ మొదలయ్యాక ఎదిగిన ఈ హైటెక్ సిటీలో ఇంతగా వినబడే క్రియ మరొకటి లేదనిపిస్తుంది.

తెలుగు పోతోందని దిగులుపడే పెద్దలు ఈ మాటను ఒక్కసారి చెవి ఒగ్గి వినాలి. ఇంగ్లీషులో తాను చేరినా, రెంటిని కలిపినా జాయినే. తెలుగుకు అది చాలదు. మనకు చేరడం వేరు, చేర్చడం వేరు. అందుకే అబ్బాయి కాలేజీలో 'జాయినయ్యాడు', నాన్న 'జాయిన్ చేశాడు', సీటు దొరక్కపోతే ఎవరిచేతనో చెప్పించి 'జాయిన్ చేయించాడు'. జ్వరమొచ్చిన రూమ్మేట్‌ను ఆస్పత్రిలో జాయిన్ చేస్తాం. ఇంగ్లీషువాడు ఆ మాట అక్కడ వాడడు. అది 'చేర్చు' నడిచిన దారి, జాయిన్ దాని వెంట పోయింది. కొత్త మేనేజరు మగా ఆడా అన్నది ఇంగ్లీషు క్రియ చెప్పదు. 'జాయినయ్యాడు', 'జాయినైంది' చెబుతాయి. 'జాయినయ్యారు' అంటే మర్యాద కూడా అందుతుంది.

మనవాళ్లు 'జాయిన్డ్ ఇన్ ద కంపెనీ' అని రాస్తే నవ్వేవాళ్లున్నారు. ఆ 'ఇన్' అక్కర్లేదు, రెజ్యూమెలో దిద్దుకోవాల్సిందే. కానీ అది 'కంపెనీలో' అన్నప్పటి 'లో'. నవ్వడానికి అందులో ఏమీ లేదు.

నా దిగులు వేరే. 'చేరు' తమిళ 'చేర్'కు, కన్నడ 'సేరు'కు తోబుట్టువు. ఈ ఐటీ దారిలోనే, గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్‌గా పనిచేసిన భద్రిరాజు కృష్ణమూర్తి, అలాంటి తెలుగు ధాతువుల మీదే 1961లో పెద్ద గ్రంథం వెలువరించారు. 'చేరు' ధాతువుకున్న విస్తారం జాయిన్‌కు లేదు. ఇల్లు చేరతాం, డబ్బు చేరుతుంది, దిక్కులేనివాళ్లను చేరదీస్తాం. జాయిన్ వీటిలో దేనికీ పనికిరాదు. 'జాయినయ్యా' అనే పిల్లలకు ఇవన్నీ ఒకే వేరు నుంచి వచ్చాయని తెలియకుండా పోతే, పోయేది ఒక్క మాట కాదు, ఆ మాటల మధ్య ఉన్న చుట్టరికం.